ఎవరి పేరు మీద ఆయం

బోధన్ ఆడపిల్లల బడిలో పనిచేసే రేణుకమ్మ టీచరు శనివారం మధ్యాహ్నం సంచి పట్టుకొని బస్టాండుకు నడుస్తుందంటే ఆమెకు రెండు పనులున్నట్టు. ఒకటి లింబాద్రి గుట్ట ఎక్కడం. రెండోది గుట్ట కింద, అన్న ఇంటి పక్కన కట్టుకుంటున్న సొంత ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం.

గుట్ట పిచ్చి నిజానికి గోదావరిది. ఆమె అదే బడిలో కుట్టుపని నేర్పే టీచరు. పుట్టింది మంజీర ఒడ్డున, మరాఠీ కలిసి మాట్లాడే నల్లరేగడి ఊళ్ళో. అక్కడ ఎత్తైనదేదని అడిగితే గడ్డివామి చూపిస్తారు. ఒకసారి రేణుకమ్మ వెంట లింబాద్రి గుట్టకు వచ్చి, నర్సింహస్వామికి మొక్కి, పైనుంచి కిందికి చూసి, "అగ బాయి, ఇన్నేండ్లు నేను భూమ్మీద పాకిన, అంతే" అంది. అప్పటినుంచి ఆమెను ఆపడం కష్టమైంది. మెట్ల మీదుగా ఎవరైనా ఎక్కుతారని, వెనక సీతాఫలం పొదల మధ్య పశువుల కాపరులు పోయే దారిన ఎక్కేది. రేణుకమ్మకూ అలవాటైంది. పునాది తవ్వినప్పటినుంచి ఇద్దరికీ ఇదే వరస. శనివారం రాత్రికి ఊరు చేరడం, ఆదివారం పొద్దున గుట్ట, దిగేటప్పుడు ఇల్లు, సాయంత్రం బస్సు.

ఆ ఇల్లు ఎందుకో గోదావరికి ఒక్కసారే చెప్పింది రేణుకమ్మ. ఆమెకు చిన్నప్పుడే పెండ్లయింది. కాపురానికి పోకముందే భర్త పోయాడు. బాపు పట్టుబట్టి కూతుర్ని చదివించాడు. ట్రైనింగు అయింది, నౌకరీ వచ్చింది, బాపు పోయాడు. ఊరికి వస్తే అన్న భోజన్న ఇల్లు. ఆ ఇంట్లోకి పోవాలంటే పశువుల కొట్టం దాటి, వదిన ముందునుంచి పోవాలి. ఎక్కడికి పోతున్నావంటే చెప్పాలి, ఎందుకు వచ్చావంటే చెప్పాలి. బోధన్‌లో కిరాయికుండేది ఒక పెద్ద ఇంటి వెనక గది. చీకటి పడితే ఇంటాయన పెద్ద దర్వాజకు గొళ్ళెం పెడతాడు. తర్వాత వచ్చినవాళ్ళు తలుపు కొట్టి, తీసేదాకా నిలబడాలి.

"నా ఇంటికి తూర్పున బాట మీదికి దర్వాజ ఉండాలె. నేను తీసుకొని నేను పోవాలె. నేను తీసుకొని నేను రావాలె. గంతే," అంది.

గోదావరి నవ్వింది. "గింత దానికి ఇల్లు కడ్తరా అక్కా?"

"గింత దానికే."

జాగ అన్న ఇంటికి ఆనుకొని తూర్పు వైపున ఉంది. చిన్నాయన కొడుకు దగ్గర కొన్నది, రిజిస్ట్రీ రేణుక పేరు మీదే అయింది. ఆమె బోధన్‌లో ఉంటుంది కాబట్టి పని చూసుకునే బాధ్యత భోజన్న తీసుకున్నాడు. ఇటికెల బదులు గుట్ట రాయి, మట్టి కలిపి గోడలు, పైన బంగ్లపెంక. మేస్త్రి నర్సింలు. దర్వాజలు, దూలాలు చేసేది వడ్రంగి, వడ్ల లింబయ్య. బేస్‌మట్టం లేచినప్పుడు రేణుకమ్మ వచ్చి తూర్పు వైపు దర్వాజ వచ్చే చోట సున్నంతో తన చేత్తో గీత గీసిపోయింది. నర్సింలు ఆ గీతను చూసి "సరే టీచరమ్మ" అన్నాడు.

దర్వాజ చట్రం ఎప్పుడు ఎత్తి నిలబెడతావని అన్నను అడిగితే, "పుష్యమాసంల ముహూర్తాల్లేవు. మాఘం రానీయ్, సూద్దం" అన్నాడు. తర్వాత బడిలో తనిఖీ, ఆ వెనక పరీక్షలు, రెండు విడతలు రాలేకపోయింది.

ఈసారి వచ్చేసరికి మాఘం నడుస్తోంది. పంతొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు గానుగ ఆగకుండా ఆడుతోంది. బోధన్ దాటేదాకా బస్సు చెరకు బండ్ల వెనక నడిచింది. గోదావరి కిటికీలోంచి చెయ్యి చాపి ఒక బండి నుంచి గడ లాగబోతే బండాయన కొరడా ఊపి, "దిగి నడువు పంతులమ్మా, మోపెడిస్త" అన్నాడు. నిజామాబాద్‌లో బస్సు మారి ఊరు చేరేసరికి చీకటి పడింది. ఇల్లు చూడడానికి వెలుతురు లేదు.

భోజన్న చేలో పసుపు తవ్వి, ఉడకబెట్టడం మొదలైంది. వాకిలంతా ఆ వాసన. అన్నం తినేటప్పుడు రేణుకమ్మ ఇంటి సంగతి అడిగింది.

"అయితుంది. గోడలు నడుం దాక వచ్చినయ్," అన్నాడు భోజన్న.

"దర్వాజ?"

"అయితది సెల్లె. తిను."

పొద్దున లేచేసరికి వదిన వెంకటవ్వ తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పప్పు. ఇంతమందికి ఎందుకు వదినె అని రేణుకమ్మ అడిగితే "ఆదివారం కద" అంది వెంకటవ్వ. పసుపు ఉడికే రోజుల్లో కూలీలు ఉంటారు, వండుతారు. రేణుకమ్మ ఇంకేం అడగలేదు.

భోజన్న గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆ పని అతను ఎన్నడూ చేసింది లేదు. "నిమ్మలంగ పోయి రాండ్రి. పైన స్వామి దగ్గర జరసేపు కూసోండ్రి. ఇంటి కాడ ఇయ్యాల పని బందు. మేస్త్రి రాడు. తొందరవడి వచ్చినా సూసేటందుకు ఏం లేదు."

"మీ అన్నకు నీ మీద ప్రేమ, పావురం పెరిగినయ్," అంది గోదావరి దారిలో.

"పెరగనీ. మంచిదే కద," అంది రేణుకమ్మ.

వెనక దారిన ఎక్కారు. గోదావరి ముందు, రేణుకమ్మ వెనక. రాళ్ళ మీద చెప్పులు జారుతుంటే గోదావరి విప్పి చేత పట్టుకుంది. సగంలో ఒక బండ ఉంది, అక్కడ కూర్చొని వేయించిన పల్లీలు తిన్నారు. గోదావరి తన గురించి బడిలో ఎవరెవరు ఏమంటారో చెప్పింది. పెండ్లి కాని పిల్ల గుట్టలెక్కి తిరుగుతుందని హెడ్‌మాస్టరు భార్య అందట. "గుట్ట మీద మొగోళ్ళు దొరుకుతరా అని అడుగుదమనుకున్న. దొరికితే ఎప్పుడో దించుకొచ్చేదాన్ని." రేణుకమ్మకు పల్లీ గొంతుకు అడ్డం పడింది.

పైకి చేరి స్వామికి మొక్కి, గుడి వెనక బండ మీదికి వచ్చారు. కింద పొలాలు, మడులు, పసుపు ఉడికే చోట పొగలు. గోదావరి వేలు చూపింది.

"అక్కా, మీ ఇల్లు కనవడ్తుంది. తొక్కుడుబిళ్ళకు గీసిన గీతల లెక్క లేదూ?"

నిజమే. నడుమెత్తు గోడలు, పైకప్పు లేదు, ఇల్లంతా నేల మీద గీసినట్టు కనిపించింది. రేణుకమ్మ ఒక్కొక్క గది గుర్తుపట్టింది. ఇది ముందుగది, ఇది వంటిల్లు, ఇది దూలాలు తెచ్చి పెట్టిన గది. మళ్ళీ ముందుగది దగ్గరికి వచ్చింది. తూర్పు గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఏకంగా ఉంది. ఎక్కడా సందు లేదు.

"దర్వాజ ఏది?"

"అవతలి దిక్కు సందు లేదా?"

"అది పడమర. అటు మా అన్న వాకిలి."

అప్పుడు కింద మనుషులు కనిపించారు. భోజన్న వాకిట్లో నలుగురు ఏదో మోసుకొచ్చి పడమటి సందు ముందు దించారు. పొడుగ్గా, నాలుగు పలకలుగా ఉంది. దానికి ఆకుపచ్చగా ఏదో కట్టి ఉంది. మామిడాకులు. పక్కన పసుప్పచ్చ చీర కట్టుకున్న ఆడమనిషి. పొద్దున జుట్టు ఆరబెట్టుకున్న మనిషి.

"పని బందన్నడు కద మీ అన్న?" అంది గోదావరి.

రేణుకమ్మ అప్పటికే కదిలింది. ఈసారి మెట్ల మీదుగా దిగింది. దిగుతున్నంతసేపూ పొద్దున అన్న గుమ్మం దాకా వచ్చిన సంగతే మెదిలింది. నిమ్మలంగ పోయి రాండ్రి. జరసేపు కూసోండ్రి. తనను స్వామి దగ్గరికి పంపి ఇక్కడ దర్వాజ ఎత్తుతున్నాడు. దొంగతనానికి స్వామిని కాపలా పెట్టాడు. వెనక గోదావరి "అక్కా, మెల్లగ, పడ్తవ్" అంటూనే ఉంది.

వాకిట్లోకి వచ్చేసరికి దర్వాజ ఇంకా నేల మీదే ఉంది. టేకు చెక్క. నిర్మల్ వైపు నుంచి రేణుకమ్మే తెప్పించింది. గడపకు పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు. పైకమ్మికి కట్టడానికి నవధాన్యాల మూట సిద్ధంగా ఉంది. కొబ్బరికాయ వెంకటవ్వ చేతిలో ఉంది. చుట్టుపక్కలవాళ్ళు పదిమంది దాకా చేరారు. రాడన్న మేస్త్రి నర్సింలు తాపీ పట్టుకొని గోడ పక్కన నిలబడ్డాడు. ఆమెను చూసి తాపీ వైపు చూసుకున్నాడు.

భోజన్న నవ్వబోయాడు. "అప్పుడే వచ్చిన్రా? దర్శనం అయిందా?"

"అయింది. పైకెళ్ళి అంత దర్శనం అయింది," అంది రేణుకమ్మ. "దర్వాజ ఇటెందుకు వచ్చిందే అన్నా?"

"ఆయం గట్ల వచ్చింది సెల్లె. మనమేం చేస్తం?"

ఆయం అంటే ఇంటి కొలతకు వడ్లవాళ్ళు కట్టే లెక్క. ఇంటి యజమాని పేరులో మొదటి అక్షరం పట్టుకొని, ఏ దిక్కు దర్వాజ పనికొస్తుందో, గది ఎంత పొడుగుండాలో తేలుస్తారు. ఆ పేరుకు పడ్డ కొలత తప్పితే ఇంట్లో మనిషి నిలవడని నమ్మకం. అందుకే ఆ ప్రాంతంలో ఒక ఇంటిని చూపి ఇది ఎవరిదని అడగరు, ఎవరి పేరు మీద ఆయం కట్టారని అడుగుతారు. కాగితం కన్నా ఆ మాటకే విలువ ఎక్కువ.

రేణుకమ్మ లింబయ్య వైపు తిరిగింది. ముసలాయన దర్వాజ పక్కన గొంతు కూర్చొని ఉన్నాడు. "ఎవరి పేరు మీద కట్టినవ్ ఆయం?"

లింబయ్య భోజన్నను చూశాడు. "నన్ను పిలిచింది భోజన్న. పిలిచినోని పేరు మీద కట్టుడు మా రివాజు. భోజన్న పేరుకు తూర్పు రాలె. పడమర వచ్చింది."

"జాగ ఎవరిది?"

"నాకేమెరుక టీచరమ్మా. నాకు పేరు కావాలె, పేరిచ్చిన్రు."

"నా పేరు అడిగినవా?"

"ఆడమనిషి పేరు మీద నేనెన్నడు కట్టలె. మా నాయిన కట్టలె."

గుంపులో ఎవరో "నిజమే కద" అన్నారు. భోజన్నకు ధైర్యం వచ్చింది. "సూడు రేణుకా. నేనేం నీ ఇల్లు ఎత్తుకపోతున్ననా? దర్వాజ ఎటున్నా ఇల్లు ఇల్లే. నువ్వుండేది బోధన్‌ల. ఈడ ఎవ్వలుంటరు? ఇటుంటే మా కంటికి ఉంటది. తాళం తీసి ఊడ్చుడు, దీపం పెట్టుడు..."

"ఎండకాలం హన్మాండ్లు పెండ్లి," అంది వెంకటవ్వ. "కొత్త కోడలు వస్తె మా ఇంట్ల ఏడ ఉంటది? ఉన్నదే రెండర్రలు." భర్త తనవైపు చూసిన చూపుకు ఆమె ఆగిపోయింది.

హన్మాండ్లు భోజన్న పెద్దకొడుకు. పెండ్లి కుదిరిన సంగతి కూడా రేణుకమ్మకు ఎవరూ చెప్పలేదు.

"ఓహో," అంది గోదావరి. "గందుకే గుట్ట మీద కూసోమన్నరు. మేము గింకా పొద్దుగూకేదాక కూసుంటే కోడల్ని కూడ తెచ్చేటోళ్ళేమో."

"నువ్వెవ్వతివమ్మా నడుమ?" అన్నాడు భోజన్న.

"నడుమ నేను లేను. మీరు కట్టిన గోడ ఉన్నది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు భోజన్నకు తగిలింది. చెల్లెలి వైపు నడిచి వచ్చాడు. గొంతు తగ్గించలేదు. "సరే, తూర్పే పెడ్త. నీ పేరే కట్టిస్త. దర్వాజ ఎత్తేటప్పుడు గడపకు పసుపు ఎవ్వలు పెట్టాలె? ఆలుమగలు కూసోవాలె. కాయ కొట్టాలె. నువ్వు కూసుంటవా? నీ పక్కన ఎవ్వలు కూసుంటరు? చెప్పు. ఊరి ముందర చెప్పు."

రేణుకమ్మ అన్న నుంచి ఏ మాటైనా వస్తుందనుకుంది కానీ ఈ మాట అనుకోలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఈ మాట పైకి అనలేదు. పేరంటాలకు పిలవకపోవడం, పెండ్లిలో వెనక కూర్చోబెట్టడం, ఇవన్నీ మాట లేకుండానే జరిగేవి. ఇప్పుడు ఆమె తెప్పించిన చెక్క దగ్గర, ఆమె జాగలో, నోటితో అన్నాడు.

ఆమె చీర కొంగు నడుముకు బిగించింది.

"పసుపా?" అంది. "పసుపు గురించి నాకు చెప్తున్నవా అన్నా? ఆయన పోయినంక నన్ను బడికి పంపేదాక ఏడున్న నేను? చేండ్ల. తవ్విన పసుపు ఏరింది ఎవ్వలు? ఉడికినంక కాగులకెళ్ళి తోడింది ఎవ్వలు? ఎండబెట్టి రుద్దుతుంటె తోలు ఊడిన చేతులు ఎవ్వలయి? గోళ్ళల్లకెళ్ళి పసుపు పోకపోతుండె. పెండ్లిండ్లకు కొనుక్కపోయిన్రు, దేవునికి కొనుక్కపోయిన్రు. ఎవ్వలన్న అడిగిన్రా గిది ఏ ముండమోపి చేతులకెళ్ళి వచ్చిందని? అప్పుడు చెడని పసుపు ఇప్పుడు చెడ్తదా?"

 

రేణుకమ్మ చెప్పులు విడిచింది. నేల మీద పడుకోబెట్టిన దర్వాజ మధ్యలోకి నడిచి, అక్కడ కూర్చుంది. పసుపు రాసిన గడప ఆమె మోకాలికి తగిలి చీరకు అంటింది. ఆడవాళ్ళలో ఒకరు "అయ్యో" అన్నారు. వెంకటవ్వ కొబ్బరికాయ పట్టుకొని వెనక్కి జరిగింది.

"లే రేణుకా."

"లేవ. ఎత్తుతవా, నన్ను కూడ ఎత్తు."

మోయడానికి వచ్చిన నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దర్వాజ ఎత్తాలంటే ఆమెను ముట్టుకోవాలి. ఆ ధైర్యం ఎవరూ చేయలేదు. గోదావరి వచ్చి పక్కన కూర్చుంది. సంచిలోంచి మిగిలిన పల్లీలు తీసి ఇచ్చింది. రేణుకమ్మ తీసుకోలేదు. గోదావరే తిన్నది.

లింబయ్య ఎండను చూశాడు, గోడ నీడను చూశాడు. "పోయింది," అన్నాడు భోజన్నతో. "ముహూర్తం పోయింది. ఇగ ఇయ్యాల ఎత్తరాదు." ఎవరి మీదా కోపంతో కాదు, కాలం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. గుంపు కదిలింది. పప్పన్నం పెడతారో పెట్టరో తెలియక కొందరు గోడ దగ్గర ఆగారు. భోజన్న భుజం మీది తువ్వాల తీసి దులిపి, "నా ఇంట్ల కాలు పెట్టకు" అని లోపలికి పోయాడు. వెంకటవ్వ ఒక క్షణం నిలబడి ఆయన వెంట పోయింది.

రేణుకమ్మ లేచింది. తూర్పు గోడ దగ్గరికి నడిచింది. తన సున్నపు గీత ఎక్కడుండాలో వెతికింది. దాని మీద రాళ్ళు పేర్చి ఉన్నాయి. గోడకు ఆనించిన గడ్డపార తీసుకుంది. బరువుగా ఉంది. రెండు చేతులతో ఎత్తి రాళ్ళ సందులో దూసింది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఒక రాయి కదిలింది కానీ పైనున్న వరుస మొత్తం వంగి ఆమె వైపు ఒరిగింది.

"ఆగు, ఆగు!" నర్సింలు పరిగెత్తుకొచ్చాడు. "గట్ల కాదు. మీద పడ్తది. మీదికెళ్ళి తియ్యాలె, నడుమల కాదు. గోడంత పోతది."

"పోతె పోనీ. నాకు అడ్డమొచ్చిన గోడే కద. గీత గీసిపోయిన. సరే టీచరమ్మా అన్నవ్ నువ్వు."

నర్సింలు తల వంచాడు. "భోజన్న చెప్పిండు. మీరే చెప్పిన్రనుకున్న."

"నన్నడిగినవా?"

"లే." చెయ్యి చాపాడు. "ఇటియ్యండ్రి."

గడ్డపార తీసుకొని పై వరుస నుంచి ఒక్కొక్క రాయి తీసి కింద పేర్చసాగాడు. తీసిన రాయిని తిప్పి చూసి, బాగున్నదాన్ని ఒకవైపు పెట్టాడు. తాను కట్టిన గోడను తానే విప్పుతున్నాడు, ముఖంలో అది తెలుస్తూనే ఉంది. గోదావరి రాళ్ళు అందుకుంది. కుట్టుపని చేతులకు రాళ్ళు తగలొద్దని రేణుకమ్మ అంటే, "దారపు ముడి విప్పుడు నా పనే" అంది.

లింబయ్య పోలేదు. పనిముట్ల సంచి సర్దుకొని, మళ్ళీ విప్పి, వాకిట్లోనే కూర్చున్నాడు. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. చివరికి కొలత కర్ర పట్టుకొని తూర్పు గోడ దగ్గరికి వచ్చాడు. నర్సింలు విప్పుతున్న సందుకు కర్ర ఆనించి, ఆ మూల నుంచి ఒకసారి, ఈ మూల నుంచి ఒకసారి కొలిచాడు.

"నర్సింలూ, జానెడు ఇటు జరుపు. ఉత్తరానికి. ఆడ ఆయం పడ్తలేదు, ఈడ పడ్తుంది."

నర్సింలు గడ్డపార ఆపాడు. రేణుకమ్మ చేతుల మట్టి దులుపుకొని ముసలాయన ముందుకొచ్చింది.

"ఎవరి పేరు మీద పడ్తుంది?"

"లెక్క కట్టిన. పడ్డది చెప్పిన."

"ఎవరి పేరు మీద కట్టినవ్, చెప్పు."

లింబయ్య ఎటో చూశాడు. "మీ పేరే."

"నా పేరేంది?"

"రేణుక," అన్నాడు లింబయ్య, వినీ వినబడకుండా.

అన్న ఇంటి గోడ పదడుగుల దూరంలో ఉంది. కిటికీ రెక్క సగం తెరిచి ఉంది.

"గట్టిగ," అంది రేణుకమ్మ. "ఆడిదాక వినవడాలె."